మామగారి టేబుల్ మీద రెండో పువ్వు

మా బంధువులు నన్ను మరమ్మతుల మహారాజు అంటారు. నేను చెయ్యి వేశాక ఏ వస్తువైనా మరమ్మతుకు వెళ్లాల్సిందే. ఆ ఆదివారం మా ఆవిడ తన చెల్లెలింటికి వెళ్లింది. నేను మామగారి టేబుల్ మీద చొక్కా ఇస్త్రీ చేస్తూ, ఫోను మోగితే వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇస్త్రీపెట్టె చొక్కా దాటి టేబుల్‌లోకి దిగింది.

ఆ టేబుల్ వడ్రంగి అయిన మా మామగారు కూతురి చదువు కోసం చేసింది. ఎడమ మూలన ఎర్రచెక్కలో తెల్లచెక్క పొదిగి చిన్న పువ్వు పెట్టారు. "మా నాన్న నాకోసం పెట్టిన పువ్వు" అంటూ ఇరవయ్యేళ్లుగా మా ఆవిడ దాన్ని తుడుస్తూనే ఉంది. ఇప్పుడు కుడి మూలన నా మచ్చ.

నిజం చెప్పేయొచ్చు. కానీ దానికన్నా మచ్చ మీద ఇంకో పువ్వు పొదగడమే తేలికనిపించింది. అదీ నా తెలివి.

అటక మీంచి మామగారి పనిముట్ల పెట్టె దించాను. మూత తీయగానే పాత రంపంపొట్టు వాసన. ఉలిపిడి మీద ఆయన బొటనవేలు ఆనినచోట గుంటపడి నున్నగా ఉంది. బతికున్నన్నాళ్లూ ఆయన నన్ను ఒక్క మేకు కొట్టనివ్వలేదు. "అల్లుడుగారూ, మీరు కూర్చోండి. అదే సాయం" అనేవారు. ఆ మాట మళ్లీ వినాలనిపించింది.

ముందు గుంట తవ్వాను. తర్వాత పువ్వు కోశాను. పట్టలేదు. గుంట పెంచాను. పువ్వు వదులైంది. పెద్ద పువ్వు కోశాను. గుంట చాల్లేదు. సాయంత్రానికి అరచేతంత మచ్చ పళ్లెమంత గొయ్యి అయింది. చివరికి ముక్కలన్నీ అందులో పేర్చి, నిమిషంలో అతుక్కునే జిగురు పోసి వేలితో నొక్కాను. ముక్కలు ఊడి వచ్చాయి, వేలు మాత్రం రాలేదు.

అప్పుడే మా ఆవిడ తలుపు తీసింది. గబుక్కున చొక్కా కప్పేశాను.

"ఏంటలా వంగి నిలబడ్డారు?"

"ఊరికే. నడుముకి మంచిదట."

"టీ తాగుతారా?"

"ఇక్కడికే తెచ్చిపెట్టు."

"అటక దగ్గర నిచ్చెనెందుకుంది?"

"దాన్నీ కాసేపు నిలబెట్టాను."

ఆమె చొక్కా ఎత్తింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"మీ నాన్న చేతిపని పాడుచేశాను. తిట్టెయ్యి."

తిట్టలేదు. సబ్బు కలిపిన వేణ్ణీళ్లు తెచ్చి నా వేలు విడిపించింది. సన్నరంపం అందుకుంది.

"పువ్వు ముందు కొయ్యాలండీ. దాన్ని చెక్క మీద పెట్టి, చుట్టూ గీసి, అప్పుడు తవ్వాలి. నాన్న పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూశానో."

గొయ్యికన్నా పెద్ద పువ్వు కోసి, గీత వెంబడి ఉలి ఆడించింది. బొటనవేలు సరిగ్గా ఉలిపిడి మీది ఆయన గుంటలోనే ఆనింది.

"ఆ మొదటి పువ్వు కిందా ఇలాంటి మచ్చే ఉంది. పదేళ్లప్పుడు రిబ్బను ఇస్త్రీ చేస్తూ కాల్చేశాను. అమ్మకి తెలీకుండా నాన్న ఒక్క పూటలో పువ్వు పెట్టేశాడు. నన్ను ఒక్క మాట అన్లేదు."

"ఇరవయ్యేళ్లు నాకెందుకు చెప్పలేదు?"

"ఇవాళ మీరు చెబుదామనుకున్నారా?"

పువ్వు గుంటలో కూర్చుంది. వెంట్రుక దూరే సందు లేదు. సిగ్గుతో గరుకు కాగితం తీసుకుని, "కనీసం నేను నునుపు చేస్తాను" అన్నాను.

ఆమె నా చేతిలోంచి కాగితం లాక్కుంది. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం అచ్చం వాళ్ల నాన్నది.

"అల్లుడుగారూ, మీరు కూర్చోండి. అదే సాయం."

కూర్చున్నాను.