మంత్రిగారు తీయవలసిన నూగు

ఇకపై ఏ ఇంట్లోనూ బట్టలారబెట్టే డ్రైయర్ వేడిగాలి గొట్టంలో, ఇట్టే నిప్పంటుకునే బట్టల నూగు కనబడరాదని గృహ అగ్నిభద్రతా శాఖ మంత్రిగారు ప్రకటించారు. చెప్పి ఊరుకునే రకం కాదాయన. తొలి గొట్టాన్ని స్వహస్తాలతో శుభ్రం చేస్తానని కూడా సెలవిచ్చారు.

ఆ మహాభాగ్యం టైలరమ్మను వరించింది. ఇంట్లోనే బట్టలు కుట్టి, ఉతికి, ఆరబెట్టి ఇచ్చే మనిషి కాబట్టి ఆమె గొట్టంలో నూగుకు కొదవ లేదు. డ్రైయర్ వెనక గోడ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ఆ గోడకు అవతలే, కాలు విరిగి లేవలేని అత్తగారి మంచం. ఇక లాభం లేదని టైలరమ్మ గొట్టం ఊడదీయబోతుంటే శాఖ అధికారి దిగాడు.

"ఎంత పని చేస్తున్నారమ్మా! మీరే తీసేస్తే మంత్రిగారు ఏం తీస్తారు?"

"గోడ కాలిపోతోంది బాబూ."

"అందుకేగా మీ ఇంటిని ఎంపిక చేసింది!"

ప్రారంభోత్సవం కోసం గొట్టం బయటి మూతికి అడ్డంగా వెడల్పాటి రిబ్బన్ నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాడు. గాలి పోయే దారి అదొక్కటేనని ఆమె మొత్తుకుంది.

"ప్రారంభోత్సవం కానిదే గాలైనా ఎలా బయటికి పోతుందమ్మా?" అన్నాడు. నిబంధనల మీద అంతటి నిష్ఠ అందరికీ అబ్బదు.

మంత్రిగారి రాక ఒకసారి విదేశీ గొట్టాల అధ్యయనం వల్ల, ఇంకోసారి జలుబు వల్ల వాయిదా పడింది.

"పోనీ, అందాకా డ్రైయర్ ఆపేస్తానండీ."

"జనం లేని సభ, నూగు లేని గొట్టం మా సార్‌కి గిట్టవమ్మా. చెయ్యి పెడితే గుప్పెళ్లకొద్దీ రావాలి. టీవీలో కనబడొద్దూ?"

ఆఫీసు కంబళ్లన్నీ తెప్పించి ఆ డ్రైయర్‌లోనే ఆరబెట్టించాడు. ప్లగ్గు ఎవరూ పీకకుండా జవానును కాపలా పెట్టాడు.

"మంత్రి ముందొస్తాడో మంట ముందొస్తుందో గానీ, నా మంచం అటు లాగవే," అంది అత్తగారు. టైలరమ్మ మంచాన్ని ముందుగదిలోకి ఈడ్చింది.

ఎట్టకేలకు మంత్రిగారు వేంచేశారు. నలుగురికీ కనబడాలని ఫైరింజన్ ఎక్కి ఉపన్యాసం అందుకున్నారు. నిప్పు రాజుకోకముందే మేలుకోవాలన్న చోట చప్పట్లు మోగుతుండగా ఇంట్లోంచి పొగ లేచింది. టైలరమ్మ అత్తగారిని వీపున వేసుకుని వీధిలోకి పరుగెత్తింది.

"ఇల్లు కాలిపోతోంది! ఆ బండి కదిలించండయ్యా!"

"కదిలిస్తే సార్ పడిపోతారమ్మా. ఇంకో రెండు పేజీలే," అన్నాడు అధికారి.

రెండు పేజీలూ అయ్యేసరికి కుట్టు మిషన్‌తో సహా కొంపంతా బూడిదైంది. టైలరమ్మ గొల్లుమంది. ఆనందబాష్పాలని టీవీవాళ్లు చెప్పారు.

మంత్రిగారు గ్లవుజులు తొడుక్కుని బూడిదలో నడిచారు.

"గొట్టమేదయ్యా?"

"కరిగిపోయింది సార్."

"నూగు?"

"మచ్చుకైనా లేదు సార్."

మంత్రిగారి ముఖం విప్పారింది. 'నూగు లేని తొలి గృహం' అన్న ఇత్తడి ఫలకం తెప్పించారు. బిగించడానికి గోడ దొరకలేదు. ఫొటో అయ్యేదాకా దాన్ని టైలరమ్మనే ఎత్తి పట్టుకోమన్నారు.