మంత్రిగారు పుట్టిన రోజున ఏమీ జరగలేదు

జూన్ పదకొండో తేదీన చరిత్రలో ఏమీ జరగలేదని పత్రిక యాజమాన్యం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజున మంత్రిగారు మాత్రం పుట్టారు.

ఈ తీర్మానంతో చిక్కులో పడ్డవాడు ఆరో పేజీలో ‘ఈ రోజు’ శీర్షిక నడిపే సబ్ ఎడిటర్. ఆఫీసులో అతణ్ణి తారీఖులాయన అంటారు. ఎవరు ఏ రోజున పుట్టారో, ఏ ఓడ ఎప్పుడు మునిగిందో పంతొమ్మిదేళ్లుగా అట్టముక్కల మీద రాసి సొరుగుల్లో పేర్చుకున్నాడు. జూన్ పదకొండు కింద ఒక ఖగోళ శాస్త్రవేత్త జననం, రెండు రాజ్యాల సంధి ఉన్నాయి. ఇరవై ఆరేళ్ల కిందట ఇదే ఊళ్లో నూలు మిల్లు పైకప్పు కూలి ముప్పై ఎనిమిది మంది చనిపోయిన సంగతీ ఉంది. వాళ్లలో తారీఖులాయన అక్క ఒకతె. ఆ పొద్దున ఒళ్లు కాలిపోతోందన్నా మేస్త్రీ సెలవివ్వలేదు. మిల్లు స్థలంలో ఇప్పుడు దుకాణాలు వెలిశాయి. పోయినవాళ్లకి మిగిలిందల్లా ఏటా పేపర్లో పడే ఆ ఒక్క వాక్యం.

మంత్రిగారు నిజానికి డిసెంబరులో పుట్టారు. చలికి జనం ఊరేగింపుకి రావడం లేదని ఈ ఏడు నుంచి జూన్‌లో పుడుతున్నారు. ప్రజల సౌకర్యం చూసుకుని పుట్టే నాయకులు ఎందరుంటారు?

ఎడిటర్ తారీఖులాయన్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"ఆ మిల్లు గొడవ ఓ రోజు వెనక్కి జరపండి."

"వాళ్లు ఆ రోజే పోయారు సార్."

"ఎవరు కాదన్నారు? పేపర్లో మర్నాడు పోతే వాళ్లకేం నష్టం?"

తీరా చూస్తే మర్నాడు యజమాని భార్య పుట్టినరోజు. ముందు రోజు పెద్దల్లుడిది. ఆ నెలంతా వెతికినా మిల్లు కూలడానికి ఖాళీ దొరకలేదు. "పోనీ, ఈసారికి కూలలేదనుకోండి" అని ఎడిటర్ ఉదారంగా సెలవిచ్చాడు. మంత్రిగారి పక్కన మరో మేధావి ఎందుకని శాస్త్రవేత్తని కూడా పుట్టనివ్వలేదు.

తారీఖులాయన సీటుకి వచ్చి సొరుగు లాగాడు. ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి. ఆ రోజు మాత్రం పేజీ పైన ‘జననాలు’ అని పెట్టి మంత్రిగారి ఫొటో వేశాడు. దాని కింద ‘మరణాలు’ అని పెట్టి, మిల్లు వాక్యం రాసి, ముప్పై ఎనిమిది పేర్లూ వరసగా దించాడు. ఎడిటర్ ఫొటోలో మంత్రిగారి పాపిడి సరిగ్గా ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టాడు.

తెల్లారాక ఉద్యోగం పోతుందని సొరుగులు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. మంత్రిగారి సహాయకుడు.

"పేజీ అదిరింది. సార్ చాలా సంతోషించారు. కింద శుభాకాంక్షలు చెప్పిన ఆ ముప్పై ఎనిమిది మందినీ సాయంత్రం వేదిక మీదికి పంపండి, శాలువాలు కప్పుతాం."

"వాళ్లు పోయారండి."

"ఎక్కడికి పోయారు? సాయంత్రానికి వచ్చేస్తారుగా?"

ఆ తర్వాత ఫోన్ ఆగలేదు. తన పేరెందుకు వదిలేశారని కౌన్సిలర్ నిలదీశాడు. ఆడవాళ్లకి ఆ జాబితాలో సగం చోటివ్వలేదని హెడ్మిస్ట్రెస్ నొచ్చుకున్నారు. మిల్లు పాత యజమాని అయితే, "వాళ్లంతా నా దగ్గర పనిచేసినవాళ్లేనయ్యా, నా పేరు లేకపోవడం ఏం న్యాయం?" అన్నాడు.

"న్యాయం కాదండి" అని తారీఖులాయన ఒప్పుకున్నాడు.

చివరికి బావ ఫోన్ చేశాడు. అక్క పోయాక మళ్లీ పెళ్లి చేసుకోని మనిషి. ఈయనైనా అర్థం చేసుకుంటాడనుకుని తారీఖులాయన రిసీవర్ గట్టిగా పట్టుకున్నాడు.

"చూశాన్రా. మీ అక్క పేరు మంత్రిగారి ఫొటో కింద పడింది. వీధంతా తిప్పి చూపించాను, అందరూ కుళ్లుకుంటున్నారు" అన్నాడు బావ. గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడు దాని పక్కన నా పేరు కూడా వేయించరా."