ఎర్రల్ తాగిన ఐదు గ్లాసులు

శుక్రవారం పొద్దున నెల్సన్‌లో బయల్దేరేముందు ఎర్రల్ వికరీ భార్య జాస్లిన్‌కు మాటిచ్చాడు: ఇవాళ చుక్క కూడా ముట్టనని. వారం రోజులుగా అతను సొంతంగా బీరు కాచి అమ్మే బ్రూపబ్‌లన్నీ తిరిగి బీరు రుచి చూస్తుంటే, జాస్లిన్ నిమ్మరసం తాగుతూ కారు నడిపింది. ఇవాళ వంతు మారింది. మధ్యాహ్నం రెండింటికి పిక్టన్‌లో ఓడ ఎక్కాలి. రేపు వెల్లింగ్టన్‌లో కూతురు టామ్సిన్ పెళ్ళి. జాస్లిన్ అక్క చేసిచ్చిన మూడంతస్తుల కేకు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని మరీ కూర్చుంది.

"పోనీ, వాసన చూడొచ్చా?" అన్నాడు ఎర్రల్.

"చూడు. నోరు మూసుకుని చూడు."

ఎర్రల్ వృత్తికి ప్లంబరు. కానీ గర్వమంతా నాలుక మీదే. గుక్కెడు తాగితే చాలు, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు ఏ లోయలో పండాయో, మత్తు ఎంత శాతమో చెప్పేస్తానంటాడు. చెప్పింది నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఈ వారంలో ఆ పుస్తకం గురించి బీరు కాచేవాళ్ళు ఒకరికొకరు ఫోన్లు చేసుకునేదాకా వచ్చింది.

హావ్‌లాక్ దాటాక, నీటి ఒడ్డునున్న చిన్న పబ్ దగ్గర పదకొండున్నరకు ఆగారు. అక్కడి నుంచి పిక్టన్ ముప్పావుగంట. జాస్లిన్ నల్ల బీరు ఒక పైంటు, అంటే పెద్ద గ్లాసుడు, తెప్పించుకుంది. అది సగమవగానే టామ్సిన్ ఫోన్ చేసింది, పూలు తప్పు రంగులో వచ్చాయని. జాస్లిన్ గ్లాసుతో సహా బయటి చెక్కవంతెన మీదికి వెళ్ళిపోయింది.

అప్పుడు కౌంటర్లో ఉండే పానియా చెక్కపలక మీద ఐదు చిన్న గ్లాసులు తెచ్చి అతని ముందు పెట్టింది.

"మా బీరు కాచే హామీ అన్న, మీరొస్తున్నారని విని, మీకోసమే పెట్టమన్నాడు. కొత్తవి. ఏమనిపించిందో రాసి పెట్టమన్నాడు."

"ఆయనేడీ?"

"బార్లీ తేవడానికెళ్ళాడు. వచ్చేస్తాడు."

తనకోసమే పెట్టమన్నాడట! ఎర్రల్ మొదటి గ్లాసు వాసన చూశాడు. పెదవి తడిపాడు. తడిసిన పెదవిని నాలుక ఊరికే వదల్లేదు. రెండోది తాగకుండా మొదటిదాన్ని అంచనా కట్టడం న్యాయం కాదనిపించింది. మూడోది తాగాక, 'కనీసం ఏడు శాతం. మెత్తగా వచ్చి మెడ పట్టుకుంటుంది' అని రాశాడు. ఐదోది అయ్యేసరికి చెవులు వేడెక్కాయి, మోకాళ్ళు పట్టు తప్పాయి, ఎదురుగా పడవలు రెండేసి కనిపించాయి. నిజానికి అక్కడున్నవే జంట పడవలు.

జాస్లిన్ ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చింది. "పూల గొడవ తీరింది. ఆ సంతోషంలో బయటి కిటికీ దగ్గర ఇంకో పైంటు తీసుకుని అదీ కానిచ్చేశా. పద, బండి తియ్యి."

ఎర్రల్ లేవలేదు. "జాస్, నేను తాగాను."

"ఎంత? ఒక గుక్కా?"

"ఐదు గ్లాసులు."

జాస్లిన్ కుర్చీలో కూలబడింది. "నువ్వున్నావన్న ధైర్యంతో నేను రెండు పైంట్లు లాగించాను కదయ్యా! ఇప్పుడు కారు ఎవరు నడుపుతారు? కేకు నడుపుతుందా?"

ఊళ్ళో ఉన్న ఒక్క టాక్సీ విమానాశ్రయానికి వెళ్ళిందని పానియా కనుక్కుని చెప్పింది. మూల బల్ల దగ్గర మాంసం కూరిన రొట్టె తింటున్న ఆల్మా అనే పెద్దావిడ మూతి తుడుచుకుంది.

"నేను పిక్టన్ వైపే పోతున్నా. నా ట్రక్కు ముందు సీట్లో మనం ముగ్గురం సర్దుకుందాం. కేకు వెనకాల పెట్టండి."

"వెనకాల ఏమున్నాయి పెద్దమ్మా?" అన్నాడు ఎర్రల్.

"మూడు గొర్రెలు. రెండు బుద్ధిమంతులే."

వేరే దారి లేదు. 'నువ్వు ముట్టుకోకు, పడేస్తావు' అని ఎర్రల్‌ని దూరంగా నిలబెట్టి, ఆడవాళ్ళు ముగ్గురూ కేకును ఆల్మా బండిలోకి ఎక్కించారు. మూడో గొర్రె మెడ సాచి పై అంతస్తు మీది చక్కెర గులాబీని తీరిగ్గా నమిలి మింగింది. అది చూసి ఎర్రల్ గుండె చెరువైంది. కన్నకూతురి పెళ్ళి పాడుచేసిన తాగుబోతు తండ్రి! మనసులోవన్నీ బయటికొచ్చేశాయి.

"జాస్, నీ అకార్డియన్ పక్కింటి నోరిస్ పోగొట్టలేదు. నేనే తీసుకెళ్ళి, దానమిచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్లో ఇచ్చేశాను. నువ్వు రోజూ ఆ ఒక్క పాటే వాయిస్తుంటే తట్టుకోలేకపోయాను."

జాస్లిన్ నెమ్మదిగా అతని వైపు తిరిగింది. "మూడేళ్ళ నుంచి పక్కింటి మనిషితో మాటల్లేవు నాకు. పెళ్ళికి కూడా పిలవలేదు!"

"మత్తులో చెబుతున్నా, పట్టించుకోకు."

"మత్తులోనే నిజాలొస్తాయి. ఏడవకు, ముందు బండెక్కు."

అదే సమయానికి హామీ బార్లీ బస్తాల లారీ దిగాడు. తలుపంత మనిషి. కేకునీ, గొర్రెలనీ, కన్నీళ్ళనీ వరసగా చూసి సంగతేమిటని అడిగాడు. విన్నాక భుజాలు అదిరేలా నవ్వాడు.

"అన్నా, ఆ ఐదింట్లోనూ మత్తు లేదు! మత్తు లేని బీరు చెయ్యాలని రెండేళ్ళుగా చస్తున్నా. పానియాక్కూడా చెప్పకుండా ఇప్పించింది నేనే. చెబితే ఎవరూ సరిగ్గా రుచి చూడరు."

"అబద్ధం. ఏడు శాతం ఉంది," అన్నాడు ఎర్రల్, ఒళ్ళు తూలుతూనే.

హామీ కౌంటరు మీదున్న, ఊపిరిలో మత్తు కొలిచే యంత్రం తెచ్చి అతని మూతి దగ్గర పెట్టాడు. సున్నా. మళ్ళీ ఊదించాడు. మళ్ళీ సున్నా.

"ఇది పాడైపోయింది," అన్నాడు ఎర్రల్.

జాస్లిన్ లాక్కుని ఊదింది. యంత్రం కీచుమని అరిచింది.

ఎర్రల్ మోకాళ్ళు అక్కడికక్కడే గట్టిపడ్డాయి. చెవులు చల్లబడ్డాయి. పరువు పోయిందన్న బాధ రావాల్సినంత వేగంగా రాలేదు. దానికన్నా ముందు, ఓడ అందుతుందన్న ఊరట గుండెల నిండా వచ్చేసింది. హామీ నోటుపుస్తకంలో ఆ 'ఏడు శాతం' చూసి, ఎర్రల్‌ని దగ్గరికి లాక్కుని, తనవాళ్ళ మర్యాద ప్రకారం ముక్కుకు ముక్కు ఆనించాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "మత్తు లేకపోయినా అసలు బీరులాగే ఉంటుందంటే ఎవరూ నమ్మలేదన్నా నన్ను. ఈ కాగితం నాకిచ్చెయ్యి."

కేకు మళ్ళీ కార్లోకెక్కి బెల్టు పెట్టుకుంది. గులాబీ ఖాళీని పానియా తోటలోని పువ్వుతో పూడ్చింది. ఎర్రల్ బండి తీశాడు. రెండు మలుపులు దాటారు.

"అయితే, అకార్డియన్ సంగతి మత్తులో చెప్పింది కాదన్నమాట," అంది జాస్లిన్.

ఎర్రల్ రోడ్డు వంక మరింత శ్రద్ధగా చూశాడు. కాసేపటికి పక్క సీట్లోంచి ఏదో చప్పుడు. ఏడుస్తోందేమోనని హడలిపోయాడు. నవ్వుతోంది. "అంత ఘోరంగా వాయించేదాన్నా?" అంది. అంతే, మూడేళ్ళ బరువు అతని భుజాల మీంచి దిగిపోయింది.

ఓడ కదిలాక ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టింది. నోరిస్‌కు జరిగిందంతా చెప్పి, క్షమించమని అడిగి, రేపు పెళ్ళికి రమ్మన్నాడు ఎర్రల్.

"బీరుంటుందా?" అన్నాడు నోరిస్.

"ఉంటుంది," అన్నాడు ఎర్రల్. "మత్తు ఎంతని మాత్రం నన్నడక్కు."