విజేందర్ ఇంటి మొక్కుకోళ్లు

ఆదివారం పొద్దున్నే విజేందర్ కత్తి నూరుకుని పెరట్లోకి వచ్చాడు. మధ్యాహ్నం ఆఫీసువాళ్లంతా భోజనానికి వస్తున్నారు. "మా ఇంట్ల పొదిగిన నాటుకోడి, బజారు కోడి గాదు" అని ఊదరగొట్టి పిలిచింది అతనే. ఇప్పుడు ఆ మాట నిలబడకపోతే రేపు ఆఫీసులో తలెత్తుకోలేడు.

పెరట్లో కోళ్లకు కొదవ లేదు. పెట్ట పొదగడానికి కూర్చున్నప్పుడు నాటుగుడ్లు చాలలేదని తల్లి సైదమ్మ పక్కింటి ఇస్రాయేలు దగ్గర బాతుగుడ్లు, వెనకింటి స్వరూప దగ్గర గిన్నెకోడి గుడ్లు తెచ్చి కలిపి పెట్టింది. కోడిపిల్లలు ముందుగా బయటపడగానే పెట్ట వాటిని వెంటేసుకుని చక్కా పోయింది. మిగతా గుడ్లు చల్లబడుతుంటే చూడలేక విజేందరే అట్టపెట్టెలో బల్బు కింద పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ పొదిగించాడు. ఆ పుణ్యానికి ఇప్పుడు బాతులు తాగునీళ్ల డ్రమ్ములో స్నానాలు చేస్తున్నాయి. గిన్నెకోళ్లు రేకుల మీదెక్కి వచ్చేపోయేవాళ్లందరినీ తిట్టిపోస్తున్నాయి.

అతను నల్లపుంజును ఒడిసిపట్టాడో లేదో, సైదమ్మ గడపలోంచి అరిచింది.

"గదాన్ని ముట్టకు కొడుకా! గది మైసమ్మది. నువ్వు జరమొచ్చి దవాఖానల ఉన్నప్పుడు మొక్కిన."

దాన్ని వదిలి ఎర్రపుంజును పట్టాడు.

"గది ఎల్లమ్మది. పోయిన నీ బండి దొరకలే?"

"పెట్రోల్ బంకు కాడ మర్చిపోయి, మళ్ల నేనే పోయి తెచ్చుకున్న గదనే!"

"యాదికి తెచ్చింది ఎవలు? తల్లే గదా!"

పొడల పుంజు బోరులో నీళ్లు పడ్డందుకు పోచమ్మది. పెట్టలన్నీ మళ్లీ గుడ్ల మీద కూర్చున్నాయి.

"మొక్కినవు గదా, మరి ఇయ్యాల్నే చెల్లిస్తే అయిపాయె!"

"జాతర రాకముందే కోస్తే తల్లి ఊకుంటదా?"

గిన్నెకోళ్లు రేకుల మీంచి దిగేలా లేవు. విసుగెత్తి విజేందర్ బాతుల వైపు తిరిగాడు. వాటిని పట్టే పని కూడా లేకుండా ఒక బాతు తనంతట తానే వచ్చి అతని కాళ్ల దగ్గర నిలబడి మెడ చాచింది.

"కొయ్యుండ్రి," అంది భార్య శ్రీదేవి. "మీరే తల్లి అనుకొని వెనకవెనకనే తిరుగుతున్నయ్. కొయ్యుండ్రి."

చెయ్యి ఆడలేదు. పట్టరాని కోపం వచ్చింది గానీ అది ఎవరి మీదో తెలియలేదు.

ఆ కోపంతోనే బండి తీసి చికెన్ సెంటరుకు వెళ్లాడు. కోయించి తెస్తే సంచి చూసి ఊరంతా కనిపెడుతుందని ఒక పెద్ద తెల్లకోడిని ప్రాణంతోనే గోనెలో వేసుకొచ్చాడు. దాన్ని పెరట్లో దించి నీళ్లు కాగబెట్టి వచ్చేసరికి, సైదమ్మ ఆ కోడి కాళ్లకు పసుపు రాస్తోంది.

"ఏం జేస్తున్నవమ్మా!"

"నీ ఇజ్జత్ కోసమే కొడుకా. 'వచ్చినోళ్లు గిది బజారు కోడని పసిగట్టకుండ చూడు తల్లీ, గిదాన్ని నీకే ఇస్త' అని కట్టమైసమ్మకు మొక్కిన."

విజేందర్ కత్తి కింద పడేసి మెట్టు మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నం విస్తళ్లలో గుడ్ల పులుసు, పప్పు పడ్డాయి. ఆఫీసరు దివాకర్ విస్తరి అంతా వెతికి, "కోడేదయ్యా?" అన్నాడు. అబద్ధమాడే ఓపిక కూడా లేక విజేందర్ జరిగిందంతా చెప్పేశాడు. మిగతావాళ్లు పగలబడి నవ్వారు. దివాకర్ మాత్రం నవ్వలేదు.

"జ్వరం తగ్గిందా?"

"తగ్గింది సార్."

"బండి దొరికింది, బోరు పడ్డది. అంతేనా?"

"అంతే సార్."

దివాకర్ విస్తరి ముందు నుంచి లేచి సైదమ్మ దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, నా బదిలీ ఎన్నో ఏండ్ల సంది ఆగిపోయింది. నా పేరు మీద ఒక పుంజును మొక్కరాదూ?"

"మొక్కుత బిడ్డా. పుంజు మాత్రం నువ్వే తేవాలె. జాతర దాకా మా కోళ్లల్లనే మేస్తది, ఫికర్ జెయ్యకు."

నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే నవ్వు ఆపారు. ఒకరి కొడుక్కి ఉద్యోగం రావాలి. ఇంకొకరి భూమి తగాదా తేలాలి. అందరూ సైదమ్మ చుట్టూ చేరారు.

సోమవారం ఆఫీసులో విజేందర్‌ను ఎవరూ ఎగతాళి చేయలేదు. కాళ్లు కట్టేసిన పుంజుల మధ్య నుంచి అతని కుర్చీ దాకా రావడానికి దారి లేదు.