శనివారం పారేసిన గుమ్మం

ఆరింటికి పడవలు ఒడ్డుకొస్తాయి. ఏడింటికల్లా చేపలు ఆటో ఎక్కి మధురవాడ వెళ్తాయి. తొమ్మిదిన్నరకు జయశీల చర్చిలో మొదటి బల్ల మీద కూర్చుంటుంది. ఆ ఆదివారానికి అనుకున్నది ఇంతే.

జయశీల మనవరాలు ఫెబా కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. జాలరిపేటలో చేపలమ్మే పద్దెనిమిది మంది ఆడవాళ్ల కోసం సొంతంగా ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేసింది. అపార్ట్‌మెంటువాళ్లు ఏ చేప కావాలో, ముక్కలెలా కోయాలో ఫోనులో రాస్తే చాలు, అదంతా జయశీల ముందుగదిలో ఉన్న కంప్యూటర్ పెట్టెలోకి చేరుతుంది. పెట్టెలో ఇద్దరుంటారు, ఒకరు అడిగేవారు, ఒకరు దాచేవారు. అడిగేది అప్లికేషన్, దాచేది డేటాబేస్. ఇది జయశీల చెప్పే మాట. మూడో తరగతితో బడి మానేసిన మనిషి కంటే బాగా చెప్పేవాళ్లుంటే చెప్పమనండి!

ఆ రోజే మొదలు. నలభై ఇళ్లవాళ్లు శనివారం మధ్యాహ్నానికే రాసి పెట్టారు. అనుకున్నట్టు జరిగితే ప్రతి ఆదివారం జాలరిపేట చేపలే తీసుకుంటామన్నారు. తప్పితే ఆడవాళ్లకు మళ్లీ ఎండ, నెత్తిన తట్ట. అందుకే ఫెబా తెల్లవారుతూనే మధురవాడ వెళ్లి అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడింది. వెళ్తూ వెళ్తూ పెట్టె మీద 'ఆపొద్దు' అని కాగితం అంటించింది.

ఆరుంబావుకు ఆడవాళ్లు వంజరాలు, చందువలు తట్టల్లో పెట్టుకుని వచ్చేశారు. జయశీల కొడుకు శుభాకర్, ఉక్కు కర్మాగారం స్టోర్సులో పనిచేసి రిటైరైన మనిషి, జాబితా చదవడానికి తెర ముందు కూర్చున్నాడు. జాబితా రాలేదు. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఏటది?" అంది జయశీల.

"నెట్టు పోయినట్టుందమ్మా," అంటూ అతను నెట్టు కుర్రాడు నాగవంశీకి ఫోన్ కొట్టాడు. అది పెట్టేశాడో లేదో ఫెబా ఫోన్ వచ్చింది.

"నాన్నా, నెట్ బాగానే ఉంది. పేజీ వస్తోంది, లిస్టే రావట్లేదు. ల్యాప్‌టాప్ తీసి ఇక్కణ్ణుంచే చూసుకుంటాను. రెండు నిమిషాలు ఆగండి. ఎవరూ ఏదీ ముట్టుకోకండి."

పిలిచిన మూడో రోజుకు వచ్చే నాగవంశీ, ఆ పూట మూడో నిమిషానికే స్తంభం ఎక్కేశాడు. ఎక్కినవాడు ఊరుకుంటాడా? ఒక తీగ పీకాడు. వీధి మొత్తానికి నెట్టు పోయింది. మధురవాడలో ఫెబా ల్యాప్‌టాప్ తెరిచేసరికి ఇల్లు దానికి అందలేదు.

పక్కింటి జాన్ పాల్ బయటికొచ్చాడు. "టీవీలో పాస్టరుగారి వాక్యం సగంలో ఆగిపోనాది! ఏటి సేత్తన్నారు మీరు? ఆ పెట్టెని ఓసారి ఆపి మళ్లీ ఎయ్యండి."

"నా మనవరాలు ఆపొద్దని రాసింది. ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసేత్తాను," అంది జయశీల, పెట్టెకు అడ్డంగా నిలబడి.

ఒడ్డు నుంచి పడవ యజమాని పైడయ్య పరిగెత్తుకొచ్చాడు. "కంప్యూటరు ఆర్డర్లన్నీ మింగేసినాదంట గదా!" ఆ మాట వీధి చివరికి చేరేసరికి అపార్ట్‌మెంటువాళ్లు చేపలు వద్దన్నారని తేలింది. ఇద్దరు ఆడవాళ్లు తట్టలెత్తారు.

"ఎండెక్కిపోతంది పిన్నీ. మేం ఎల్లిపోతాం."

"ఒక్క అయిదు నిమిషాలు ఆగండే," అంది జయశీల. ఆ గొంతులో బతిమాలడం పేట ఎన్నడూ వినలేదు.

మళ్లీ ఫెబా. "నాన్నా, తెర మీద ఏముందో చదువు." శుభాకర్ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "సాకెట్ ఫైలు కనబడట్లేదంటోంది. నిన్నటిదాకా ఉంది. ఎవరు తీశారు?"

ఎవరూ తీయలేదు. అడిగితే చాలు, అందరూ ప్రమాణాలు చేస్తున్నారు.

"ఉండండి, నాను సెప్తాను," అంది జయశీల. ముప్పై ఏళ్ల కిందట ఎవరు ఏ చేపకు ఎంతసేపు బేరమాడారో కూడా చెప్పగల మనిషి. ఛాతీ విరుచుకుని మొదలుపెట్టింది. "నిన్న నాలుగింటికి శుభాకర్‌కి టీ ఇచ్చినాను. పంచదార సాలదన్నాడు. నాలుగున్నరకి ఫెబా బజారుకెల్తా, పెట్టెలో సోటు లేదు, పాత ఫొటోలు తీసెయ్ నాన్నా అన్నాది. నాను వంటింట్లో కాళీ డబ్బాలు పారేత్తన్నాను. ఆదివారానికి మా ఇంట్లో కాళీ డబ్బా ఉండకూడదు, మా అత్తగారి నాటి నుంచీ అంతే. అప్పుడు శుభాకర్ కేకేసినాడు, అమ్మా, ఇక్కడొకటుంది, సైజు సున్నా, లోపల ఏటీ లేదూ అని. దానికి నాను..."

ఆగింది.

"దానికి నువ్వు?" అన్నాడు జాన్ పాల్.

"కాళీదైతే మనకెందుకు, పారెయ్ అన్నాను."

ఫోనులో ఫెబా నవ్వింది. "మామ్మా, అది డబ్బా కాదు, గుమ్మం. అడిగేదీ, దాచేదీ ఒకే పెట్టెలో ఉన్నాయి కదా. వీధిలోకి వెళ్లకుండా లోపల్లోపలే మాటాడుకోడానికి పెట్టిన గుమ్మం అది."

జయశీల ఒక్క క్షణం ఆలోచించి కొడుకు వైపు తిరిగింది. "లోపల కాళీగా ఉంటేనే కదరా గుమ్మంలోంచి మనిషి ఎల్లేది! గుమ్మాన్ని ఎవులైనా పారేత్తార్రా?"

శుభాకర్ కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకున్నాడు.

"ఆర్డర్లు ఎక్కడికీ పోలేదు," అంది ఫెబా. "పెట్టెని ఆపక్కర్లేదు. డేటాబేస్‌ని ఒక్కదాన్నే ఆపి లేపితే, గుమ్మాన్ని అదే మళ్లీ పెట్టుకుంటుంది. నేను చెప్పింది కొట్టు నాన్నా." శుభాకర్ ఒంటివేలితో కొట్టాడు. పద్దెనిమిది మందీ తెర వైపు వంగారు. నలభై ఇళ్ల జాబితా తెర మీద బారుగా దిగింది.

"ఆపి ఎయ్యమని నాను ముందే సెప్పలేదా?" అన్నాడు జాన్ పాల్. ఎవరూ వినిపించుకోలేదు.

స్తంభం మీద నుంచి నాగవంశీ అరిచాడు. "కంగారు పడకండి మామ్మా! రెండు గంటల్లో ఇచ్చేత్తాను!"

"ఇంట్లోవాళ్లు మాటాడుకోడానికి నీ తీగెందుకురా! ఆ జాన్ పాల్‌కి వాక్యం ఇచ్చి దిగు."

ఏడూ ఇరవైకి ఆటో కదిలింది. తొమ్మిదింటికి ఫెబా ఫోన్ చేసింది. నలభై ఇళ్లకూ చేపలు అందాయి, వచ్చే ఆదివారానికి అప్పుడే గేటు దగ్గర అరవై ఇళ్లవాళ్లు పేర్లు ఇచ్చారట.

చర్చిలో జయశీల, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచింది. పదకొండు నిమిషాలు చెప్పింది. చదువుకున్న మనవరాలి పెట్టెలో గుమ్మం ఎలా మాయమైందో, చదువులేని తాను ఉత్త జ్ఞాపకశక్తితో దాన్ని ఎలా పట్టుకుందో, నిమిషం తప్పకుండా, టీలో పంచదారతో సహా వివరించింది. పారేయమన్నది ఎవరన్న ఒక్క సంగతే ఆమెకు ఎంతకీ గుర్తురాలేదు.