పెద్దాయన గొంతు

ఆ శుక్రవారం పొద్దున నీరసం గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పనికి వెళ్లగానే రెండు కొత్త ఆల్బమ్‌లు వినాలి. భోజనం వేళకల్లా ఆదివారం సంచికకు సమీక్ష రాసి పంపాలి. ఆ తర్వాత కర్టెన్లు మూసుకుని సాయంత్రం దాకా పడుకోవాలి. పత్రికలో సమీక్ష కింద ఆయన అసలు పేరు వారం వారం అచ్చవుతూనే ఉంటుంది గానీ, ఆఫీసులో అందరికీ ఆయన నీరసం గారే. ఎదురుగా మాత్రం మాస్టారూ అంటారు.

ఆ నీరసం ఊరికే వచ్చింది కాదు. కుర్రతనంలో ఆయన బ్లూస్ వాసన కొట్టే హార్డ్ రాక్ అంటే చెవి కోసుకునేవారు. దాని మీద రాయడమే ఉద్యోగమైంది. ఇప్పుడేమో, ఆ సంగీతం వెలిగిన రోజుల్లో అమ్మానాన్నలు కూడా పుట్టని పిల్లలు బెల్‌బాటమ్‌లు తొడుక్కుని, జుట్టు భుజాల మీదికి వదిలి, అదే గిటార్ మోతని మళ్లీ మొదలుపెట్టారు. ప్రతివారం ఇలాంటి పాత పాటలు కొత్తగా వచ్చి పడుతూనే ఉంటాయి. పొగిడే మాటలూ తిట్టే మాటలూ రెండూ ఆయన దగ్గర ఎప్పుడో అయిపోయాయి.

మొదటి ఆల్బమ్ కాఫీ తాగుతూ విని, "శ్రద్ధగా చేశారు" అని రాసి పక్కన పెట్టారు. బాగా లేదని చెప్పడానికి ఓపిక లేనప్పుడు ఆయన వాడే మాట అది. రెండోది 'పాత ఇనుము' అనే బృందానిది. వాళ్లకదే తొలి ఆల్బమ్. అట్ట మీద తుప్పు పట్టిన లారీ బొమ్మ తప్ప మనుషుల ఫొటోలు లేవు. వెనక ఉన్న అక్షరాలు చీమ తలకాయంత. కళ్లజోడు వంటగదిలో ఉంది. అంత దూరం ఎవరు వెళతారని, ఆయన రికార్డు తీసి అలాగే ప్లేయర్ మీద పెట్టేశారు.

డ్రమ్ము మీద ఒక దెబ్బ పడింది. రెండో దెబ్బ, పడాలా వద్దా అని ఆలోచించుకుని మరీ పడింది. గిటార్ ఏదో బరువు మోస్తూ మెట్లెక్కుతున్నట్టు ఆగి ఆగి ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత గొంతు వచ్చింది. బావిలోంచి వచ్చినట్టున్న ముసలాయన గొంతు. ఒక్కో మాటనీ పైకి లాగి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇక చాల్లే అని వదిలేస్తోంది. నీరసం గారు కప్పు కింద పెట్టేశారు. తనంత అలిసిపోయిన మనిషి ఈ లోకంలో ఇంకొకడు ఉన్నాడన్నమాట. రెండు వైపులా విని, మళ్లీ మొదటి వైపు పెట్టుకుని, కళ్లు తుడుచుకుని రాయడానికి కూర్చున్నారు. ఈ పెద్దాయనెవరో తనకు తెలియదని, బతుకంతా మోసి దించుకున్న గొంతు ఇదని, ఈ వయసులో ఆయనకు తొలి అవకాశమిచ్చిన కుర్రాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నానని రాశారు. ఆ మధ్యాహ్నం ఆయనకు పట్టిన నిద్ర అంతా ఇంతా కాదు.

ఆదివారం సమీక్ష అచ్చయింది. మోకాళ్ల నొప్పుల వయసు వాళ్లందరూ కదిలిపోయి, మర్నాడు రికార్డుల దుకాణం తెరవకముందే వరస కట్టారు. సాయంత్రానికి సగం మంది వెనక్కి వచ్చారు. ఇందులో పెద్దాయన లేడు, ఎవరో అమ్మాయి తరుముకొచ్చినట్టు అరుస్తోందని వాళ్ల గోల. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవడం దుకాణదారుకు ప్రాణం మీదికొచ్చే పని. ఆయన ఒకటి తీసి తన ప్లేయర్ మీద పెట్టాడు. పెద్ద రికార్డులు మామూలుగా నిమిషానికి ముప్ఫై మూడు చుట్ల వేగంతో తిరుగుతాయి. ఇది మోత బాగా పలకాలని నలభై అయిదుకు తయారుచేసింది. ఆయన కాసేపు బుర్ర గోక్కుని, మీటని ముప్ఫై మూడుకు తిప్పాడు. పెద్దాయన వచ్చేశాడు. అప్పట్నుంచి కొన్నవాళ్లందరికీ అదే వేగంతో వినమని చెప్పి పంపాడు.

ఇక ఎడిటర్ ఊరుకుంటాడా? వచ్చే శనివారం ఆ బృందం కచేరీ ఉందని తెలియగానే, పత్రిక తరఫున తామే జరిపిస్తున్నట్టు హాలువాళ్లతో మాట్లాడుకుని, పెద్దాయనను కళ్లారా చూడండని మొదటి పేజీలో ప్రకటన వేయించాడు. ఏ పెద్దాయనో కనుక్కోవాలని మాత్రం ఆయనకు తోచలేదు.

బుధవారం సాయంత్రం నీరసం గారి ఇంటి తలుపు చప్పుడైంది. భార్య వెళ్లి తీసింది. భుజాన గిటార్ పెట్టె తగిలించుకుని, పాతికేళ్ల అమ్మాయి నిలబడి ఉంది.

"సార్ ఉన్నారా ఆంటీ?"

"ఉన్నారు. నువ్వెవరమ్మా?"

"నేనేనండీ, ఆ పెద్దాయన్ని."

నీరసం గారికి మొదట అర్థం కాలేదు. ఏదో పొరపాటు పడుతున్నావమ్మా అంటూ రికార్డు పెట్టి వినిపించారు. ఆ పిల్ల కాసేపు విని, వెళ్లి మీట తిప్పింది. పాట ఒక్కసారిగా లేచి పరుగందుకుంది. పదునైన, పడుచు గొంతు గది నాలుగు మూలలా తిరిగింది. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే భార్య అట్ట వెనక్కి తిప్పి, ఏ వేగంతో వినాలో అక్కడ రాసే ఉందని చదివి వినిపించింది. ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

"రెండేళ్లు కష్టపడ్డాం సార్," అంది ఆ అమ్మాయి. "జనం కొంటున్నారు, వింటున్నారు. నన్ను మాత్రం ఒక్కళ్లూ వినలేదు."

తప్పు తనదేనని, రేపే పత్రికలో సవరణ వేయిస్తానని ఆయన మాటిచ్చారు. మర్నాడు ఆఫీసులో ఎడిటర్ ససేమిరా అన్నాడు. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. పైగా, పాట ఏ వేగంతో వినాలో తెలియని పత్రిక అని బయటపడితే రేపు వాతావరణ వార్తలు కూడా ఎవరూ నమ్మరు.

"కచేరీ అయ్యాక వేద్దాం మాస్టారూ. ఈలోగా ఎక్కడైనా ఓ పెద్దాయన దొరుకుతాడేమో చూడండి."

శనివారం హాలు కిక్కిరిసింది. వచ్చినవాళ్లలో సగం మంది నడుం వెనక దిండ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయి ప్రాణం పెట్టి పాడింది. అసలు కార్యక్రమానికి ముందు మైకు సరిచూస్తున్నారనుకుని జనం మర్యాదగా ఓర్చుకున్నారు. మొదటి పాట అయ్యాక ముందు వరసలోంచి ఒకావిడ, పెద్దాయన ఎప్పుడొస్తారమ్మా అని మెల్లగా అడిగింది. రెండో పాట అయ్యాక వెనక వరసలు కూడా అడిగాయి. మూడో పాట సగంలో ఆపేసి, ఆ పిల్ల నేరుగా తెర పక్కకు వెళ్లి, అక్కడ నక్కి ఉన్న నీరసం గారి చెయ్యి పట్టుకుని మైకు ముందుకు లాక్కొచ్చింది.

"మీరే చెప్పండి సార్. నావల్ల కాదు."

స్టేజి ఎక్కినవాళ్ల గురించి రాయడమే గానీ, ఆయన ఎన్నడూ ఎక్కినవారు కాదు. దీపాల వెలుగు మొహాన కొట్టింది. గొంతు ఎక్కడో అడుగుకు దిగిపోయింది.

"తప్పు... నాది," అన్నారు మైకులో.

ఏం చెయ్యాలో తోచక డ్రమ్ముల కుర్రాడు ఒక దెబ్బ వేశాడు. ఆ నిశ్శబ్దం భరించలేక గిటారిస్టు కింది తీగ ఒకటి మీటాడు.

"నేను... సరిగ్గా వినలేదు," అన్నారాయన. "వినే ఓపిక... ఎప్పుడో పోయింది నాకు... అందరూ ఒకేలా వినిపించారు... ఒక పిల్ల గొంతుని... నేనే ముసలిదాన్ని చేశాను..."

బేస్ గిటార్ కూడా వచ్చి కలిసింది. ఆయన ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటూ, జరిగిందంతా దాచకుండా చెప్పి, తల వంచుకుని నిలబడ్డారు. హాలంతా లేచి నిలబడింది. కొందరు ఏడుస్తున్నారు. మళ్లీ పాడమని అరుపులు. ఇది పాట కాదు, నిజంగానే జరిగిందని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నారు. దానికీ చప్పట్లు కొట్టారు.

ఆయనకు ఇక నిలబడే శక్తి లేదు. "నేను అలిసిపోయాను. ఈ అమ్మాయి పాడుతుంది. వినండి," అని కింద కూలబడ్డారు.

పెద్దాయన చెప్పాక ఇంకేముంది? అందరూ బుద్ధిగా కూర్చుని విన్నారు. ఆ పిల్ల ఈసారి తన వేగంతో, తన గొంతుతో, ఆల్బమ్ మొత్తం పాడింది. రెండో పాటకే దిండ్లు కిందపడ్డాయి. నాలుగో పాటకు మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా కాళ్లాడించారు. స్టేజి మీద ఓ మూల కూర్చుని నీరసం గారు మొదటిసారి ఆ పాటల్ని సరిగ్గా విన్నారు. బాగున్నాయి. ఆ మాట ఆమెతో చెబుదామనుకున్నారు గానీ, చుట్టూ జనం మూగడంతో కుదరలేదు.

సోమవారం పొద్దున పోటీ పత్రికలో వచ్చిన సమీక్షని భార్య కాఫీతో పాటు తెచ్చి చదివి వినిపించింది. పెద్దాయన ఒక్క పాటే పాడినా సభను కుదిపేశారట. ఆయన మనవరాలికి కూడా మంచి భవిష్యత్తు ఉందట, కాస్త తొందర తగ్గించుకుంటే.