ఆ లైవ్‌లో సార్ ఏం చెప్పారంటే

ఇకమీదట మా సాన్ బెనిల్డో స్కూళ్ల డివిజన్‌లో టీచర్లందరూ సోషల్ మీడియా ద్వారానే కొత్త విషయాలు నేర్చుకుంటారని, ఇంకెలా నేర్చుకున్నా నేర్చుకున్నట్టు లెక్క కాదని సూపరింటెండెంట్ డాక్టర్ ఎవరిస్టో దిమాయుగ గారు ప్రకటించారు. ప్రకటనని టార్పాలిన్ బ్యానర్ మీద వేయించి ఆఫీసు గేటుకి కట్టించారు. అందులో సార్ ఫొటో ఎనిమిది అడుగులు, ప్రకటన అంగుళంన్నర. రాజధాని మనీలాలో ఉన్నవాళ్లకి కూడా ఇంత దూరదృష్టి లేదని నేను అక్కడే నిలబడి స్టేటస్ పెట్టేశాను.

పద్ధతి చాలా సింపుల్. సార్ ఫేస్‌బుక్ లైవ్‌లోకి వస్తారు. మనం "ప్రెజెంట్ సార్" అని కామెంట్ పెట్టాలి. మధ్యమధ్యలో మెచ్చుకోవాలి. చివర్లో ఒక లింకు వస్తుంది, అందులో 'చాలా బావుంది' అన్నచోట నొక్కితే మన పేరుతో సర్టిఫికెట్ దిగుతుంది. ఎన్ని సర్టిఫికెట్లుంటే ప్రమోషన్ లిస్టులో అంత పైకి. లింకులో ఇంకే జవాబులున్నాయో నాకు తెలీదు, ఎవరూ అంత కిందకి వెళ్లలేదు.

మా స్కూల్లో లివాయ్‌వాయ్ మేడం ఉన్నారు. చెవులు వినపడని పిల్లలకి పాఠాలు చెప్తారు. పంతొమ్మిదేళ్లుగా టీచర్ వన్‌గానే, అంటే చేరినప్పటి మొదటి మెట్టు మీదే ఉన్నారు. ఈ ఏడాదే మొదటిసారి మాస్టర్ టీచర్ ప్రమోషన్ లిస్టులో పేరొచ్చింది. అంతా బానే ఉంది గానీ, ఆవిడ నేర్చుకునే తీరే కొంచెం వెనకబడి ఉంటుంది. సెబులో ఒకావిడ, దావావోలో ఒకాయన, ఈవిడ, ముగ్గురూ చిన్న గ్రూపు పెట్టుకుని, భిన్నాలు సైగల్లో ఎలా చెప్పాలా అని వీడియోలు పంపించుకుంటారు. మర్నాడు క్లాసులో అలాగే చెప్తారు. పిల్లలకి అర్థమైపోతుంది. అంతే, దానికో బ్యానర్ లేదు, గ్రూపు ఫొటో లేదు.

"మేడం, ఇలా నేర్చుకుంటే మీకేమొస్తుంది?" అని ఆవిడ మేలు కోరి అడిగాను.

"భిన్నాలు చెప్పడం వస్తుంది," అన్నారు.



మొదటి లైవ్ పేరు 'డిజిటల్ గురువు, రేపటి వెలుగు'. రెండు గంటలు. పద్నాలుగు వందల పన్నెండు మంది టీచర్లు హాజరు. పిల్లలకి కాపీ రాసుకోమని పని చెప్పి స్టాఫ్ రూములో కూర్చున్నాం. సార్ కనిపించారు. నవ్వారు. పెదాలు కదిలాయి, చేతులు కదిలాయి. సౌండ్ మాత్రం రాలేదు. ఫోన్ ఆపి మళ్లీ పెట్టాను. ఇయర్‌ఫోన్స్ మార్చాను. పక్కన రోసల్ మేడం కళ్లు మూసుకుని తలాడిస్తున్నారు.

"మేడం, మీకు వినపడుతోందా?"

"అంత బాగా మాట్లాడుతుంటే వినపడకపోవడమేంటి?"

"ఏమంటున్నారు?"

"అబ్బ, డిస్టర్బ్ చెయ్యకు నువ్వు!"

తప్పు నా ఫోన్‌దేనని తేలిపోయింది. "కళ్లు తెరిపించారు సార్" అని కామెంట్ పెట్టేశాను. నా పైన ఎవరో "ప్రతి మాటా గుండెల్లో దిగింది" అన్నారు. కింద ప్రిన్సిపల్ బాల్బినో గారు "కన్నీళ్లు ఆగట్లేదు సార్" అన్నారు. ఆ కన్నీళ్ల కింద లివాయ్‌వాయ్ మేడం కామెంట్:

"సార్, సౌండ్ రావట్లేదు."

మర్నాడు ఉదయమే మేడంకి మెమో వచ్చింది. పై అధికారి ప్రసంగం మీద తప్పుడు ప్రచారం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. తేలేవరకు మాస్టర్ టీచర్ లిస్టులో పేరు పక్కన పెడతారు. ముగ్గురితో కమిటీ వేశారు, బాల్బినో గారే చైర్మన్. లాప్‌టాప్ మోయడానికి నన్ను పిలిచారు. ఇంత చిన్న వయసులో అంత పెద్ద అవకాశం!

"పద్నాలుగు వందల పదకొండు మందికి వినపడింది," అన్నారు బాల్బినో గారు. "మీ ఒక్కరికే ఎందుకు వినపడలేదు?"

"మీకు వినపడిందా సార్?"

"నాకు సర్టిఫికెట్ ఉంది."

"అందులో ఏం చెప్పారు సార్?"

"అది మీరు చెప్పాలి. ఎంక్వైరీ మీ మీద."

ఎంక్వైరీ అంటే అలా ఉండాలి. అయినా కమిటీ మనసు మంచిది. రికార్డింగ్ మళ్లీ చూసి, సార్ ఏం చెప్పారో ఐదు పేజీలు రాసి సోమవారం సార్‌కే ఇవ్వాలి, ఇస్తే లిస్టులో పేరు ఉంటుంది, లేకపోతే పోతుంది అన్నారు.

"సరే సార్," అన్నారు మేడం. "పెద్ద స్క్రీన్ మీద చూడొచ్చా? సార్ ముఖం దగ్గరగా కనపడాలి."

ఆ భక్తికి కమిటీ కరిగిపోయింది. ప్రొజెక్టర్ ఇప్పించారు.

సోమవారం సార్ గదిలో అందరం చేరాం. సార్ కుర్చీలో వెనక్కి వాలారు.

"గట్టిగా చదవండి మేడం. వీళ్లు కూడా మళ్లీ విని లాభం పొందుతారు."

మేడం కళ్లజోడు పెట్టుకున్నారు.

"నాలుగో నిమిషం. సార్ అన్నారు: 'మైకు ఆఫ్‌లో ఉందా? ఇప్పుడా చెప్పేది?' ఐదో నిమిషం: 'వద్దు, ఆపకండి. ఆపితే చూసేవాళ్లు తగ్గిపోతారు. ఎవడూ కనిపెట్టలేదుగా, హార్టులు వస్తున్నాయి, రానీ.' పదకొండో నిమిషం: 'పాన్సిట్ వచ్చిందా? నూడుల్స్‌లో రొయ్యలొద్దని చెప్పానా లేదా? నాకు కాళ్లు వాస్తాయి.' నలభయ్యో నిమిషం: 'ఈ బాల్బినో ఎందుకు ఏడుస్తున్నాడు?'"

బాల్బినో గారు సీలింగ్ ఫ్యాను వైపు చూశారు. దానికి మూడు రెక్కలు. ఆయన చాలాసేపు లెక్కపెట్టారు.

"చాలు," అన్నారు సార్.

"ఇంకా నాలుగు పేజీలున్నాయి సార్. మేయర్ గారి గురించి చెప్పింది మూడో పేజీలో..."

"చాలు చాలు! ఇదంతా మీకెలా తెలిసింది?"

"పెదాలు చూసి సార్. మా క్లాసులో రోజూ ఉండే పనే."

సార్ మంచినీళ్లు తాగారు. "మీరు కాక ఇంకెవరైనా చూశారా?"

"మా పిల్లలు పదకొండు మంది చూశారు సార్. పెదాలు చదవడంలో నాకంటే వాళ్లే స్పీడు. రెండుచోట్ల నేను తప్పు రాస్తే దిద్దారు కూడా."

"ఏమన్నారు?"

"మళ్లీ లైవ్ ఎప్పుడని అడుగుతున్నారు సార్."

సార్ పెన్ను తీసుకున్నారు. ఐదు పేజీలూ సొరుగులో పెట్టి తాళం వేశారు. మేడం ప్రమోషన్ కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు. పంతొమ్మిదేళ్లలో కదలని ఫైలు పంతొమ్మిది సెకన్లలో కదిలింది, సార్ పనితనం అలాంటిది.

మధ్యాహ్నానికి డివిజన్ మొత్తానికి ఇంకో మెమో వచ్చింది. అందరి ఆరోగ్యం దృష్టిలో ఉంచుకుని, ఇకమీదట లైవ్‌లో మాట్లాడే ప్రతి అధికారీ తప్పనిసరిగా మాస్కు పెట్టుకోవాలి.